విదేశంలో పెళ్లి, విశాఖలో కస్టమ్స్ పని: ఒక క్లియరింగ్ ఏజెన్సీ సేవపై సమీక్ష

థాయ్‌లాండ్‌లోని హువా హిన్‌లో జరిగిన మా మేనకోడలి పెళ్లికి కావలసిన సామగ్రిని పంపే బాధ్యతను విశాఖపట్నం పోర్టు ప్రాంతంలో కస్టమ్స్ కాగితాల పని చూసిపెట్టే ఒక క్లియరింగ్ ఏజెన్సీకి అప్పగించాము. 2024లో ఇక్కడి నుంచి బ్యాంకాక్‌కు నేరుగా విమానాలు మొదలయ్యాక, అక్కడ పెళ్లి చేయాలన్న ఆలోచన మన ఊరి కుటుంబాలకు మునుపటంత దూరంగా అనిపించడం లేదు. కానీ సామాను వ్యవహారం టికెట్టు కొన్నంత సులభంగా తెమలదు. ఆ పనిలో ఈ సంస్థ ఎక్కడ అక్కరకు వచ్చిందో, ఎక్కడ వెనుకబడిందో తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాను.

ఈ పని చేస్తామనే వారిలో 2018 నాటి కస్టమ్స్ బ్రోకర్ల లైసెన్సింగ్ నిబంధనల కింద లైసెన్సు ఉన్నవారు కొందరైతే, పార్సిల్ తీసుకుని ఇంకొకరి చేతిలో పెట్టేవారు మరికొందరు. పోర్టులో పాతకాలం వారు ఇప్పటికీ సీహెచ్ఏ (కస్టమ్ హౌస్ ఏజెంట్) అనే పిలిచే మొదటి కోవకు చెందినది ఈ సంస్థ. మేము అడగకముందే లైసెన్సు ప్రతిని చూపించారు. రొయ్యల కంటైనర్ల కాగితాలతో నిండిన ఆ బల్ల మీద పసుపు, కుంకుమ, పెళ్లి పీటల జాబితా పెట్టడానికి మాకే కొంత మొహమాటం వేసింది గానీ, వారు దాన్ని చిన్నచూపు చూడలేదు.

ఈ సేవలో అన్నిటికన్నా విలువైనది ఆ జాబితాను వారు పరిశీలించిన తీరు. అక్కడి పెద్ద గుమాస్తా గారు మా వదినను ఎదురుగా కూర్చోబెట్టి, ఒక్కొక్క వస్తువునూ పైకి చదివించి, దాని పక్కన పెన్సిలుతో గుర్తు పెట్టారు. కర్పూరం దగ్గరకు రాగానే ఆపేశారు. “అమ్మా, ఇది విమానం ఎక్కదండి. మండే పదార్థాల కింద లెక్క” అన్నారు. “మరి మంగళహారతి ఎలాగ బాబూ?” అని వదిన అడిగితే, “బ్యాంకాక్ పాహురత్ బజారులో మన దేశం వాళ్ల కొట్లు చాలా ఉన్నాయమ్మా, పూజ సామాను అక్కడ తీసుకోండి” అని చెప్పి, ఆ వరుసలోనే ఉన్న ఎండు కొబ్బరి చిప్పలనూ కొట్టేశారు. నూనె ఎక్కువగా ఉండి తనంతట తానే వేడెక్కే గుణం ఉండటం వల్ల, 2022లో మన పౌర విమానయాన భద్రతా విభాగం ఎండు కొబ్బరిని చెక్ ఇన్ సామానులో నిషేధించింది. సారె పెట్టెలో ఎండు కొబ్బరి లేకుండా ఎలాగని పెద్దవాళ్లు నొచ్చుకున్న మాట నిజమే. అయితే ఆ మాట విమానాశ్రయంలో స్కానర్ దగ్గర పెట్టెలు విప్పదీసినప్పుడు కాక, ఇంట్లో ఉండగానే తెలియడం ఎంతో నయం.

మామిడాకులు, తమలపాకులు, పూలు, కొబ్బరికాయల విషయంలోనూ వారి సలహా సూటిగానే ఉంది. తాజా మొక్కల ఉత్పత్తులను పరాయి దేశానికి తీసుకువెళ్లాలంటే ఇక్కడి ప్లాంట్ క్వారంటైన్ అధికారుల నుంచి తెగుళ్లు లేవని ధ్రువపత్రం తీసుకోవడంతోపాటు, ఆ దేశం ఆ వస్తువును అనుమతిస్తున్నదో లేదో కూడా చూసుకోవాలి. ఇంత చేసి పట్టుకెళ్లే బంతిపూలు బ్యాంకాక్‌లోని పాక్ క్లోంగ్ తలాత్ పూల బజారులో కుప్పలుగా అమ్ముతారు. తలంబ్రాల బియ్యం మాట ఎత్తగానే గుమాస్తా గారు నవ్వేశారు. ప్రపంచానికి బియ్యం ఎగుమతి చేసే దేశానికి మనం బియ్యం మోసుకుపోవడం ఏమిటన్నారు. మండపం అలంకరణ వారి జాబితాలో ఉన్న నెమలి పింఛాలను మాత్రం ఆయన నవ్వకుండానే కొట్టేశారు, ఎందుకంటే వాటి ఎగుమతిని మన దేశమే నిషేధించింది.

అసలు చిక్కు వచ్చింది తాంబూలంతో పాటు ఇవ్వడానికి చేయించిన ఏటికొప్పాక కుంకుమ భరిణెల దగ్గర. థాయ్‌లాండ్‌లో ప్రయాణికుడి సొంత వాడకపు వస్తువులకు 20,000 బాట్ల విలువ వరకు సుంకం ఉండదు, కాని ఒకే రకం వస్తువు వందల్లో కనిపిస్తే దాన్ని సొంత వాడకం అని నమ్మించడం కష్టం. తలా ఒక పెట్టెలో పదేసి చొప్పున సర్దితే సరిపోతుందని మా బావగారు ప్రతిపాదించారు. ఒకే విమానంలో దిగే ఒకే బృందం పెట్టెల్లో ఒకే వస్తువు బయటపడితే, దాన్ని విభజించి దాచినట్టుగానే అధికారులు భావిస్తారని, తాము అలాంటి పనికి కాగితాలు రాయమని ఏజెన్సీ వారు మర్యాదగానే అయినా గట్టిగా చెప్పారు. నాకు వారి మీద గౌరవం కలిగింది ఇక్కడే. బేరం పోతుందని తెలిసినా వారు మాట మార్చలేదు.

భరిణెలు, పెళ్లి పీటలు, అడ్డుతెర వగైరాలను చివరికి ఎయిర్ కార్గోలో పంపించారు. ఇన్వాయిస్‌లో “పెళ్లి సామాను” అని ఒక్క ముక్కలో రాయకుండా, అంకుడు కర్రతో చేసి లక్క పూసిన భరిణెలు ఎన్ని, వాటి నిజమైన ధర ఎంత, వర్గీకరణ కోడ్ ఏది అన్నది వరుసగా రాశారు. అమ్మకానికి కాదని రాసినంత మాత్రాన విలువ సున్నా కాదని, ధర తగ్గించి చూపితే అక్కడ జరిమానా వరకు వెళ్లవచ్చని ముందే హెచ్చరించారు. భారత్, ఆసియాన్ (ఆగ్నేయాసియా కూటమి) దేశాల మధ్య 2010లో అమలులోకి వచ్చిన వాణిజ్య ఒప్పందం కింద సుంకం తగ్గే వీలున్న వస్తువులకు, అవి మన దేశంలో తయారైనవేనని తెలిపే మూలదేశ ధ్రువపత్రం తెప్పించారు. పీటలకు కట్టించిన చెక్క పెట్టెను వారే మార్పించడం మరో మంచి పని. ఆ చెక్కను లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో కనీసం 30 నిమిషాలు ఉంచినట్టు తెలిపే గోధుమ కంకి ముద్ర లేకపోతే, లోపలి సామాను ఎంత బాగున్నా పెట్టె దగ్గరే ఆగిపోతుంది. ముందు మా వడ్రంగి చేసి ఇచ్చిన పెట్టె మీద అతని ఫోన్ నంబరు తప్ప మరే ముద్రా లేదు.

బంగారం విషయంలో వారు చెప్పినది క్లుప్తమే అయినా ముఖ్యమైనది. నగలను చేతి సంచిలోనే ఉంచుకుని, బరువు, విలువ తెలిపే పత్రాలతో, ఫొటోలతో వెళ్లి, బయలుదేరే ముందు కస్టమ్స్ వారి దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకుంటే, తిరిగి వచ్చేటప్పుడు అవి అక్కడ కొన్నవి కావని వేరే రుజువు చూపనవసరం ఉండదు.

ఇక లోట్ల సంగతి. కొటేషన్‌లో “ఇంటి గుమ్మం వరకు” అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉన్నా, షరతు మాత్రం డీఏపీ, అంటే అక్కడి సుంకం, పన్నులు అందుకునేవారే కట్టుకోవాలి. ఆ మూడక్షరాల అర్థం పెళ్లివారికి విడమరచి చెప్పవలసింది. సరుకు ధర, బీమా, రవాణా కలిపి లక్ష బాట్లు అయి, సుంకం 20 శాతం పడిందనుకుంటే, 7 శాతం వ్యాట్ లక్ష మీద కాక 1,20,000 మీద లెక్కకు వస్తుంది. సుంకం, వ్యాట్ కలిపి 28,400 బాట్లు అవుతాయి. ఇటువంటి లెక్క ఒకటి ముందుగా కాగితం మీద వేసి ఇస్తే ఎవరూ తడబడరు. వీటికి తోడు బ్యాంకాక్ విమానాశ్రయంలో గోదాము అద్దె, సరుకు విడుదల పత్రానికి డెలివరీ ఆర్డరు రుసుము అని విడిగా బిల్లులు వచ్చాయి. వాటి ప్రస్తావన కొటేషన్‌లో ఎక్కడా లేదు. శని, ఆదివారాల్లో విశాఖ ఆఫీసులో ఫోను ఎత్తే మనిషి కూడా లేడు. ముహూర్తం దగ్గర పడుతున్న ఇంటికి ఆ మౌనం ఎంత భారమో రొయ్యల ఎగుమతిదారులతో పని చేసేవారికి తట్టకపోవచ్చు.

ఫొటోగ్రాఫర్ల కెమెరాలు, లైట్ల వంటి, వాడి వెనక్కి తెచ్చుకునే పరికరాలను సుంకం లేకుండా తాత్కాలికంగా తీసుకెళ్లడానికి పనికివచ్చే ఏటీఏ కార్నెట్ అనే కస్టమ్స్ పత్రం గురించి అడిగినప్పుడు వారి నుంచి స్పష్టమైన సమాధానం రాలేదు. మన దేశంలో దాన్ని వాణిజ్య, పరిశ్రమల సమాఖ్య అయిన ఫిక్కీ జారీ చేస్తుంది, ఏడాది చెల్లుతుంది, పంచిపెట్టే వస్తువులకు, తినే వాటికి వర్తించదు. విదేశీ పెళ్లిళ్ల పని తీసుకునే ఏజెన్సీకి ఈపాటి సంగతి చేతివేళ్ల మీద ఉండాలి.

సామాను మొత్తం స్నాతకం నాటికి హోటలు చేరింది, భరిణెల్లో ఒక్కదానికీ పెచ్చు ఊడలేదు. రుసుము పార్సిల్ కంపెనీల కన్నా ఎక్కువే అయినా, జాబితా దగ్గర వారు వెచ్చించిన సమయానికి అది న్యాయమైన ధర అనే నా అభిప్రాయం. ఐదుకు మూడున్నర ఇస్తాను. సింగపూర్‌లో పెళ్లి పెట్టుకున్న మా బంధువులకు ఈ ఏజెన్సీనే చెప్పాను. గోదాము అద్దె, డెలివరీ ఆర్డరు రుసుము, సుంకం ఎవరు కట్టాలన్నది కొటేషన్‌లోనే రాయించుకుని, సెలవు రోజుల్లో పలికే ఒక నంబరు తీసుకున్నాకే అడ్వాన్సు ఇమ్మన్నాను.