దొంగకు భయం దేనివల్ల: పెద్ద శిక్షా, ఖాయమైన శిక్షా?

సంక్రాంతి దగ్గర పడుతుంటే విశాఖలో వీధులకు వీధులు ఖాళీ అవుతాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు సొంతూళ్ళున్న కుటుంబాలు ఇంటికి తాళం వేసి ఆర్టీసీ కాంప్లెక్స్‌కో, రైల్వే స్టేషన్‌కో బయల్దేరతాయి. పండగ మూడు రోజులూ మనసులో ఓ మూల ఇంటి గురించి టెన్షనే. తిరిగొచ్చేసరికి ఎక్కడో ఒకచోట ఎవరిదో తలుపు విరిగి ఉంటుంది. ఆ తర్వాత అందరి నోటా ఒకటే మాట: ‘పట్టుకుంటే మాత్రం ఏం లాభం? నెల తిరక్కుండా బెయిల్ మీద వచ్చేస్తాడు. పదేళ్ళు వేస్తేగానీ వీళ్ళకి బుద్ధి రాదు.’

ఆ కోపం నాకూ ఉంది. రూపాయి రూపాయి కూడబెట్టుకున్నది పోయినవాళ్ళతో ‘దొంగ మీద జాలి చూపించండి’ అనే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ కోపంతో ప్రభుత్వాన్ని ఏం అడగాలన్నది తేల్చుకోవాలి. శిక్ష పెంచమని అడగాలా, ఉన్న శిక్షే తప్పకుండా పడేలా చూడమని అడగాలా?

ముందు చట్టంలో ఏముందో చూద్దాం. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. మామూలు దొంగతనానికి 303వ సెక్షన్ కింద 3 ఏళ్ళ దాకా జైలు. రెండోసారి దోషిగా తేలితే కనీసం ఏడాది, గరిష్ఠంగా 5 ఏళ్ళ కఠిన కారాగారం. ఇంట్లో దొంగతనమైతే 305 కింద 7 ఏళ్ళ దాకా ఉంది. దొంగతనం కోసం తలుపులు పగలగొట్టి లోపలికి వచ్చాడంటే 331 కింద పగలైతే 10 ఏళ్ళు, రాత్రయితే 14 ఏళ్ళ దాకా వేయవచ్చు. మెడలో గొలుసు లాక్కుపోవడాన్ని 304 కింద విడిగా నేరం చేశారు. దానికి 3 ఏళ్ళే పెట్టడం తక్కువని నా అభిప్రాయం, ఇక్కడ మాత్రం శిక్ష పెంచమని నేనూ అడుగుతాను. అయితే లాగడంలో ఆడమనిషికి గాయమైతే పోలీసులు దాన్ని దోపిడీ కింద రాయవచ్చు, అప్పుడు శిక్ష యావజ్జీవం దాకా వెళ్తుంది.

అంటే మనం అడుగుతున్న పదేళ్ళూ, అంతకన్నా ఎక్కువా చట్టంలో ఇప్పటికే ఉన్నాయి. ఇళ్ళకు కన్నం వేసేవాళ్ళకు పాత ఐపీసీలోనూ ఇంతే శిక్ష ఉండేది. అయినా దొంగతనాలు ఆగలేదు. రాత్రి రెండింటికి గొళ్ళెం మీద రాడ్ పెట్టేవాడు 14 ఏళ్ళా, 20 ఏళ్ళా అని లెక్కలు వేసుకోడు. వీధి చివర కెమెరా పనిచేస్తోందా, ఎదురింట్లో ఎవరైనా మెలకువగా ఉన్నారా అని చూసుకుంటాడు. నేరాల మీద దశాబ్దాలుగా జరిగిన పరిశోధనలు చెప్పేది కూడా ఇదే: శిక్ష ఎంత పెద్దదన్న దానికన్నా, దొరికిపోతానన్న భయమే మనిషిని ఎక్కువగా ఆపుతుంది.

గోపాలపట్నంలో మా పిన్ని ఇంట్లో దొంగలు పడ్డప్పుడు ఇది కళ్ళారా చూశాను. గొళ్ళేన్ని ఇనప రాడ్‌తో మెలితిప్పి ఊడదీశారు, తాళం మాత్రం చెక్కు చెదరకుండా దానికే వేలాడుతోంది. బీరువా తలుపు ఓ మూల మడతపడింది, పట్టుచీరలు మంచం మీద కుప్ప పోసి ఉన్నాయి. వేలిముద్రల కోసం చల్లిన నల్లపొడి హ్యాండిల్ మీద చాలా రోజులు వదల్లేదు. స్టేషన్‌లో ఫిర్యాదు రాసుకునే ఆయన ‘అమ్మా, బంగారానికి బిల్లులున్నాయా?’ అని అడిగారు. ‘మా అమ్మ పెట్టిన గొలుసు బాబూ, దానికి బిల్లెక్కడిది?’ అంది పిన్ని. ఆ తర్వాత ఆమెకు స్టేషన్ నుంచి ఒక్క ఫోన్ కూడా రాలేదు. తనే వెళ్ళి అడిగినప్పుడల్లా ‘చూస్తున్నామమ్మా’ అన్నారు. వాడికి ఎన్నేళ్ళు వేయాలన్న ప్రశ్న ఆమె కేసులో రానే లేదు. వాడెవడో తెలిస్తే కదా!

కొత్త చట్టాల్లో ఈ జబ్బుకి మందు కొంత ఉంది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదు చేసినవాళ్ళకి చెప్పాలని, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 193వ సెక్షన్ అంటోంది. 7 ఏళ్ళు, అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు సంఘటన స్థలానికి రావాలని 176వ సెక్షన్ చెబుతోంది, దీని అమలుకు రాష్ట్రాలకు 5 ఏళ్ళ గడువు ఇచ్చారు. ఇంటి దొంగతనాలు ఈ లెక్కలోకే వస్తాయి. ప్రతి స్టేషన్ ఈ రెండూ చేసినా జనానికి సగం ధైర్యం వస్తుంది.

ఇక బెయిల్ సంగతి. మనకు ఎక్కువ మంట పుట్టించేది ఇదే. కానీ బెయిల్ అంటే నేరాన్ని క్షమించేయడం కాదు, విచారణ ఇంకా మిగిలి ఉందని అర్థం. 7 ఏళ్ళ దాకా శిక్ష పడే కేసుల్లో అవసరం ఉంటే తప్ప అరెస్టు చేయొద్దని సుప్రీంకోర్టు 2014లో అర్నేశ్ కుమార్ కేసులో గట్టిగా చెప్పింది. అమాయకుణ్ణి లోపల వేయకుండా ఉండాలంటే అది ఉండాల్సిందే. అసలు తప్పు ఆ తర్వాత జరుగుతోంది. కేసు ఏళ్ళ తరబడి వాయిదాల మీద నడుస్తుంది, సాక్షులు ఇళ్ళు మారిపోతారు, పంచనామా మీద సంతకం పెట్టిన మధ్యవర్తి ‘నాకు గుర్తు లేదండీ’ అంటాడు. చివరికి కేసు కొట్టేస్తారు. ఆ ఏళ్ళన్నీ పాత నేరస్తుడు బయటే ఉంటాడు, చేతివాటం మానడు. నన్నడిగితే, ఆరు నెలల్లో విచారణ పూర్తయి పడే ఒక్క ఏడాది జైలు, పదేళ్ళ తర్వాత పడుతుందో లేదో తెలియని 14 ఏళ్ళకన్నా ఎక్కువ భయపెడుతుంది.

‘అందాకా పీడీ యాక్ట్ పెట్టేయొచ్చుగా’ అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. 1986 నాటి ఆ చట్టం కింద విచారణ లేకుండానే గరిష్ఠంగా 12 నెలలు నిర్బంధించవచ్చు, పదేపదే దొంగతనాలు చేసేవాడూ అందులోని ‘గూండా’ నిర్వచనం కిందికి రావచ్చు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ ఏడాది గడిచాక వాడి మీద నేరం రుజువైనట్టు ఎక్కడా రికార్డు ఉండదు. రెండోసారి దోషికి పడాల్సిన కనీస శిక్ష వేయాలన్నా, ముందు ఒకసారి కోర్టులో దోషిగా తేలి ఉండాలి.

చట్టం నిజంగానే మరీ మెత్తబడిపోయిన చోటు ఒకటుంది, దాని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. పోయిన వస్తువు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, దోషిగా తేలడం మొదటిసారైతే, సొత్తు గానీ దాని విలువ గానీ తిరిగిచ్చాక సమాజ సేవతో సరిపెడతారు. సేవ చేయించడంపై నాకు అభ్యంతరం లేదు. మొదటిసారి తప్పు చేసిన కుర్రాణ్ణి అడవివరం జైల్లో ఆరితేరిన దొంగల మధ్య పడేసే బదులు, ఆర్కే బీచ్‌లో నలుగురూ చూస్తుండగా చెత్త ఏరించడమే నయం. కానీ 5,000 లోపు దొంగతనాన్ని నాన్ కాగ్నిజబుల్ చేశారు, అంటే మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తే మొదలుపెట్టకూడదు. పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయలు అమ్ముకునే ఆమె ఎలక్ట్రానిక్ కాటా ఎవడో ఎత్తుకుపోతే, మర్నాడు ఆమెకు వ్యాపారం లేదు. అది చిన్న దొంగతనమని ఎవరు నిర్ణయించారు? ఈ నిబంధన మారాలి.

పట్టుబడటం ఖాయమైతే ఎలా ఉంటుందో ఫోన్ల విషయంలో చూస్తున్నాం. పోయిన ఫోన్ల కోసం కేంద్రం పెట్టిన సీఈఐఆర్ పోర్టల్‌లో, ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే ఐఎంఈఐ నంబర్‌తో దాన్ని బ్లాక్ చేయిస్తే, దొంగ వేరే సిమ్ వేసినా అది పనిచేయదు, వాడే ప్రయత్నం చేస్తే ఆచూకీ దొరుకుతుంది. దీనికోసం జైలు ఒక్క రోజు కూడా పెంచాల్సిన పని లేకపోయింది.

బంగారానికి అలాంటి ఏర్పాటు లేదు. దొంగ దాన్ని తన దగ్గర ఉంచుకోడు, ఎవరో కొనాలి, ఎవరో కరిగించాలి. దొంగసొత్తు కొనడమే అలవాటుగా పెట్టుకున్నవాడికి న్యాయ సంహిత 317 కింద యావజ్జీవం కూడా పడవచ్చు, అయినా మనం ఎప్పుడూ దొంగనే తిడతాం, కొన్నవాణ్ణి వదిలేస్తాం. కురుపాం మార్కెట్ నుంచి గాజువాక దాకా పాత బంగారం కొనే ప్రతి కొట్టులోనూ, తాకట్టు పెట్టుకునే ప్రతి చోటా అమ్మేవాడి ఫొటో, ఆధార్, నగ ఫొటో తీసి ఉంచితే, నిజాయితీగా వ్యాపారం చేసేవాళ్ళకి వచ్చే నష్టమేమీ లేదు.

పోయినవాళ్ళకి కావలసింది ముఖ్యంగా వస్తువు. దొరికిన సొత్తును స్టేషన్లో మూలన పడేయకుండా త్వరగా సొంతదారుకి అప్పగించాలని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. ఇప్పుడు నాగరిక సురక్షా సంహిత 497వ సెక్షన్ కింద కోర్టు 14 రోజుల్లో సొత్తు వివరాలు రాయించి, ఫొటోలు, వీడియో తీయించాలి, ఆ తర్వాత 30 రోజుల్లో అప్పగింతపై ఉత్తర్వులివ్వాలి. అయినా స్టేషన్ ఆవరణల్లో తుప్పుపట్టిన బైకుల మధ్య మొక్కలు మొలిచి కనిపిస్తూనే ఉంటాయి. బిల్లు లేని నగలను ఈ రోజే ఒక తెల్లగుడ్డ మీద పెట్టి, పక్కన స్కేలు ఉంచి ఫొటో తీసుకోండి. గొలుసు మీది అతుకు, ఉంగరం మీది గీత కూడా పడాలి. గుర్తుపట్టడానికి రేపు అవే ఆధారం.

అందుకే మా కాలనీ నుంచి ఇవ్వబోయే అర్జీలో ‘దొంగలకు పదేళ్ళు వేయండి’ అని రాయడం లేదు. పోయిన ఏడాది మా స్టేషన్ పరిధిలో ఎన్ని ఇళ్ళల్లో దొంగతనం జరిగింది, ఎన్నింటిలో దొంగ దొరికాడు, ఎన్ని కేసుల్లో శిక్ష పడింది, ఎంత సొత్తు చేతికి వచ్చింది అని అడుగుతున్నాం. తాళం వేసిన ఇళ్ళకు ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఉచితంగా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ కెమెరాలు మా స్టేషన్లో ఎన్ని పనిచేస్తున్నాయో కూడా సంక్రాంతికి నెల ముందే చెప్పమంటున్నాం.