స్పెషల్ స్కూలా, మామూలు ప్రీస్కూలా: ఎదుగుదల ఆలస్యమో, వైకల్యమో ఉన్న మూడేళ్ల బిడ్డకు ఏది మేలు?

బడి ముందున్న పేరు బోర్డు చూసి తేల్చే విషయం కాదిది. బిడ్డకు రావలసిన పనిని రోజులో ఎన్నిసార్లు తనంతట తాను చేసి చూస్తోంది, ఆ పక్కన నేర్పడం తెలిసినవాళ్లు ఉన్నారా అన్నవి చూడాలి. వారానికి రెండుసార్లు అరగంట థెరపీ అంటే మొత్తం గంట. బిడ్డ మేలుకుని ఉండేది వారానికి 80 గంటలు. ఆ మిగతా 79 ఎక్కడ గడుస్తాయన్నదే లెక్క.

స్పెషల్ స్కూల్లో తరగతికి పిల్లలు తక్కువ, గోల తక్కువ. ఏ పని తర్వాత ఏ పనో బొమ్మలు గీసి చూపే టైమ్‌టేబుల్, శిక్షణ పొందిన టీచర్, టాయిలెట్ అలవాటు నేర్పే ఓపిక, అన్నీ ఒకేచోట దొరుకుతాయి. చిన్న శబ్దానికే చెవులు మూసుకునే బిడ్డకూ, తనను తాను కొట్టుకునే బిడ్డకూ ఇది పెద్ద ఊరట. లోటల్లా తోటిపిల్లల విషయంలోనే. మాటలు రాని ఆరుగురు ఒక గదిలో ఉంటే టీచర్ నోటి నుంచి తప్ప మాట వినిపించదు. ఇంకో చిక్కు: బల్ల దగ్గర ఎరుపు, నీలం చక్కగా వేరుచేసే బిడ్డ, ఇంట్లో ఎర్ర చొక్కా తెమ్మంటే తెల్లముఖం వేస్తుంది. నేర్చుకున్నది గది దాటి రాదు.

మామూలు ప్రీస్కూల్లో ఆ గది గోడ ఉండదు. కానీ మూల కూర్చోబెట్టి రంగుల పెన్సిలు ఇస్తే అది సహిత విద్య (అందరు పిల్లలతో కలిపి నేర్పడం) కాదు, హాజరు మాత్రమే. నేర్పడాన్ని ఆటలోనే కలపాలి. అడగడం నేర్పాలనుకోండి. బిడ్డకు ఇష్టమైన బొమ్మను మూత బిగించిన పారదర్శకపు డబ్బాలో పెట్టండి. మనసులో ఐదు లెక్కపెడుతూ ఆగండి. అడగకపోతే ఆ బొమ్మ ఫొటో ఉన్న కార్డు చూపండి. అప్పటికీ రాకపోతే మీరే "తియ్యి" అని చెప్పి చూపండి. చూపు, వేలు, శబ్దం, ఏ ప్రయత్నం వచ్చినా వెంటనే మూత తీయాలి. ఆటలో నాలుగు, తినేటప్పుడు మూడు, ఇంటికెళ్లేటప్పుడు రెండు: రోజుకు తొమ్మిది, ఐదు రోజులకు 45 అవకాశాలు. థెరపీ గదిలోనూ అవకాశాలు వస్తాయి, కానీ అక్కడ అడిగితే దక్కేది చాలాసార్లు చప్పట్లే. పెదవులు, నాలుక కదలికలతో కొత్తగా ఒక ధ్వని పలికించాలంటే మాత్రం ఆ నిశ్శబ్దపు గదే నయం.

మామూలు బడిలో ఎక్కువగా చెడేది షాడో టీచర్ (ఆ ఒక్క బిడ్డకు సాయంగా తరగతిలో ఉండే మనిషి) దగ్గర. ఆమె బిడ్డకు అతుక్కుని కూర్చుంటుంది, తోటిపిల్లలు బిడ్డతో కాక ఆమెతో మాట్లాడతారు, బిడ్డ ప్రతిదానికీ ఆమె ముఖం చూస్తుంది. చేతి దూరంలో, వెనకగా కూర్చోవాలి. చెయ్యి పట్టి చేయించడం నుంచి వేలితో చూపడానికి, అక్కడి నుంచి ఊరికే ఆగి చూడడానికి సాయం వారాల్లో తగ్గాలి. రెండు నెలలైనా తగ్గకపోతే బిడ్డ సంగతి తర్వాత, నేర్పే పద్ధతి మార్చాలి.

లోపాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. సైగభాషతో పెరిగే బిడ్డను సైగలు రాని తరగతిలో వేస్తే అది ఒంటరితనమే. సైగలు చేసే పిల్లలూ టీచర్లూ ఉన్న చోటే సరైనది. వినికిడి యంత్రంతో మాటలు నేర్చే బిడ్డకు మామూలు తరగతి పనికొస్తుంది, అయితే టీచర్ దగ్గర్లో, ఫ్యానుకూ కిటికీకీ దూరంగా కూర్చోబెట్టాలి. సెరెబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల ఒంటి కదలిక, నిలకడ అదుపులో లేకపోవడం) ఉంటే ముందు కుర్చీ చూడండి: పాదాలు వేలాడకుండా ఆనాలి, బల్ల మోచేతి ఎత్తులో ఉండాలి. ఒళ్లు నిలుపుకోవడంతోనే అలిసిపోయే బిడ్డ చేతులతో ఏం నేర్చుకుంటుంది?

ఇంటి దగ్గరే నేర్పడం మూడేళ్లలోపు మంచి దారి. తర్వాత, తరచూ జబ్బుపడే పిల్లలకు తప్ప, చాలదు.

మా మొగ్గు: స్పెషల్ ఎడ్యుకేటర్ (ఇలాంటి పిల్లలకు నేర్పడంలో శిక్షణ పొందిన టీచర్) తరగతిలోకే వచ్చి పనిచేసే మామూలు ప్రీస్కూల్. అలాంటిది దొరక్కపోతే పేరుకే చేర్చుకునే బడికన్నా మంచి స్పెషల్ స్కూలే నయం. రెండుచోట్లా సగం సగం పంపితే ఏం నేర్పుతున్నారో, ఎలా నేర్పుతున్నారో రాసే ఒకే నోట్‌బుక్ అటూ ఇటూ తిరగాలి. ఒకచోట బిడ్డ కార్డు ఇచ్చి అడిగితే చాలంటూ, ఇంకోచోట మాట అంటేనే ఇస్తామంటే బిడ్డ రెండూ మానేసి ఏడుపునే ఎంచుకుంటుంది.