ఒర్లాండో వారం ఇచ్చి హవాయి వారం తెచ్చుకోవచ్చా?

టైమ్‌షేర్, అంటే ఒక రిసార్టు గదిని ఏటా ఒక వారం వాడుకునే హక్కు, అమ్మే హాల్లో ముందుగా చూపించేది ప్రపంచ పటం. ఇక్కడ ఒక్క వారం కొనండి, ఏటా ఎక్కడికి కావాలంటే అక్కడికి మార్చుకోండి అంటారు. మార్పిడి ఉన్న మాట నిజమే. అయితే అది ఏ లెక్క మీద నడుస్తుందో ఆ హాల్లో ఎవరూ విప్పి చెప్పరు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ పిల్లల సెలవులకు, ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలకు అక్కరకొస్తుందని ఒర్లాండోలో కొనే తెలుగు కుటుంబాలకు ఆ లెక్క ముందే తెలిసి ఉండాలి.

అమెరికాలో మార్పిడి సంస్థల్లో పెద్దవి రెండు. 1974లో మొదలైన ఆర్‌సీఐ, 1976లో మొదలైన ఇంటర్వల్ ఇంటర్నేషనల్. మీరు ఏ సంస్థలో చేరవచ్చన్నది మీ రిసార్టుకు దేనితో ఒప్పందం ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. విండమ్ రిసార్టులు ఎక్కువగా ఆర్‌సీఐ వైపు, మారియట్‌వి ఇంటర్వల్ వైపు. డిస్నీ వెకేషన్ క్లబ్ 2022లో ఆర్‌సీఐని వదిలి ఇంటర్వల్‌కి మారింది. కాబట్టి ఫలానా చోటికి మార్చుకోవచ్చని ఈ రోజు ఇచ్చిన మాట పదేళ్ల తర్వాత కూడా నిలుస్తుందన్న భరోసా ఏమీ లేదు.

ఈ మార్పిడి ఇద్దరు యజమానుల మధ్య నేరుగా జరగదు. మీ వారాన్ని సంస్థ దగ్గర ఉమ్మడి నిల్వలో వేస్తారు. దీన్నే డిపాజిట్ అంటారు. వేసిన క్షణం నుంచి ఆ వారం మీది కాదు, దాన్ని ఎవరైనా తీసుకోవచ్చు. బదులుగా మీ ఖాతాలో ఆ వారం విలువ, అంటే ట్రేడింగ్ పవర్, జమ అవుతుంది. నిల్వలో ఆ విలువకు లోబడి ఉన్నవే మీ కంటికి కనిపిస్తాయి. హవాయిలో గది ఖాళీగా ఉన్నా మీ విలువకు మించినదైతే మీ తెరమీద ఖాళీ లేనట్టే ఉంటుంది.

విలువను ప్రధానంగా తేల్చేవి ఇవి: ఆ ఊళ్లో ఆ వారానికి గిరాకీ ఎంత, అక్కడ ఇప్పటికే ఎన్ని వారాలు పోగుపడి ఉన్నాయి, గది స్టూడియోనా రెండు పడగ్గదులదా, బస చేసి వెళ్లినవాళ్లు రిసార్టుకి ఎలాంటి మార్కులు ఇచ్చారు, మీరు ఎంత ముందుగా డిపాజిట్ చేశారు. కొన్నప్పుడు మీరు కట్టిన డబ్బుకు ఇందులో చోటు లేదు. 25,000 డాలర్లు పెట్టి కొన్న వారానికీ, అదే రిసార్టులో అదే గదిని పాత యజమాని దగ్గర 1,000 డాలర్లకు కొన్న వారానికీ వారాల పద్ధతిలో, అంటే పాయింట్లు కాకుండా వారాన్నే డిపాజిట్ చేసే లెక్కలో, విలువ ఒక్కటే. మొత్తం వ్యవహారంలో ఇంతకంటే ముఖ్యమైన సంగతి లేదు.

ఒర్లాండో విషయానికొస్తే, అమెరికాలో టైమ్‌షేర్లు ఇంతగా గుంపుకట్టిన ఊళ్లు అరుదు. దానివల్ల అక్కడికి వెళ్లడం సులువు, అక్కడి వారాన్ని ఇచ్చి గిరాకీ ఉన్న మరో చోటు తెచ్చుకోవడం కష్టం. సెప్టెంబరు వారమైతే మరీను. క్రిస్మస్, ఈస్టర్ వారాలకు మాత్రం పట్టు ఉంటుంది. వారాలకు 1 నుంచి 52 దాకా నంబర్లుంటాయి, కొన్ని ఏళ్లలో 53వది కూడా వస్తుంది. 51, 52 నంబర్లు ఎక్కడైనా బలమైనవే. కొనే ముందు మీది ఫిక్స్‌డ్ వారమా, ఫ్లోటింగ్ వారమా, పాయింట్లా అన్నది కాగితంలో చూసుకోవాలి. ఫిక్స్‌డ్ అంటే ఏటా అదే వారం. పాయింట్లంటే వారం బదులు పాయింట్లతో బుక్ చేసుకోవడం. ఫ్లోటింగ్ అంటే ఏటా తేదీని మీరే బుక్ చేసుకుని, ఆ తర్వాత డిపాజిట్ చేయాలి. ఆలస్యం చేస్తే మిగిలేవి ఎవరికీ అక్కర్లేని తేదీలే.

ఆర్‌సీఐ వారాల పద్ధతిలో చెక్-ఇన్ తేదీకి 9 నెలల ముందే డిపాజిట్ చేస్తే పూర్తి విలువ దక్కుతుంది. ఆ తర్వాత దశలవారీగా తగ్గుతుంది. 2010 చివరి నుంచి ఈ విలువను అంకెల్లో చూపిస్తున్నారు కాబట్టి, డిపాజిట్ చేయకముందే ఎంత వస్తుందో సైట్లో చూసుకోవచ్చు. మీ దగ్గర 30 ఉండి 18 విలువ చేసే గది తీసుకుంటే మిగిలిన 12 మీ ఖాతాలోనే ఉంటుంది. రుసుము కట్టి రెండు మూడు డిపాజిట్లను కలుపుకుని పెద్ద గదికి ఎగబాకవచ్చు. మామూలుగా ఒక డిపాజిట్ ఆ వారం మొదలైన తేదీ నుంచి రెండేళ్లు చెల్లుతుంది. గడువు మరిచిపోయి పోగొట్టుకునేవాళ్లు చాలామంది, పొడిగించుకోవాలంటే మళ్లీ రుసుము.

ఇంటర్వల్‌లో రెండు దారులున్నాయి. డిపాజిట్ ఫస్ట్ అంటే ముందు వారాన్ని అప్పగించి తర్వాత వెతుక్కోవడం. రిక్వెస్ట్ ఫస్ట్ అంటే కోరింది దొరికేదాకా మీ వారాన్ని మీ చేతిలోనే ఉంచుకోవడం. రెండోది క్షేమంగా కనిపిస్తుంది గానీ, మీ వారం తేదీ దాటాక చేసే ప్రయాణాలకు పనికిరాదు. ప్రయాణానికి 59 రోజుల లోపు ఫ్లెక్స్‌చేంజ్ అనే గడువు మొదలవుతుంది. అప్పుడు విలువల పట్టింపు బాగా సడలుతుంది, బలహీనమైన డిపాజిట్‌తో కూడా మంచి గది దొరకవచ్చు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు, బడి పిల్లలు లేనివాళ్లకు ఇది బంగారం లాంటి అవకాశం. విమానం టికెట్లు ఆరు నెలల ముందే కొనుక్కోవలసినవాళ్లకు దీంతో పనిలేదు.

మంచి చోట్లు ఒకరోజు సైట్లో వెతికితే దొరకవు. ఆన్‌గోయింగ్ సెర్చ్ పెట్టాలి. ఊళ్లు, తేదీల పరిధి, కనీస గది పరిమాణం ఇచ్చి, రుసుము ముందే కట్టి వరసలో నిలబడాలి. ముందు నిలబడినవారికే ముందు దక్కుతుంది, కాబట్టి ఏడాది ముందు పెట్టడం మంచిది. ఒకే రిసార్టు, ఒకే వారం అని పట్టుపడితే ఎదురుచూపే మిగులుతుంది. నాలుగు రిసార్టులు, మూడు వారాల పరిధి ఇస్తే పని జరుగుతుంది. సెర్చ్‌లో ఇచ్చిన ఏ గది తగిలినా ఖరారైపోవచ్చు. అందుకే మీరు వెళ్లడానికి సిద్ధంగా లేని చోటుని ఆ జాబితాలో పెట్టకండి. కొన్ని రిసార్టులకు నాలుగేళ్లకు ఒక్కసారే మార్పిడి మీద రానిచ్చే నియమం ఉంది. ఒకే ప్రాంతంలోని వారాన్ని అదే ప్రాంతంలోని గదికి మార్చనివ్వని అడ్డుగోడలూ ఉన్నాయి. ఒర్లాండో వారంతో డిస్నీ గదుల్లోకి వెళదామనుకునేవాళ్లు తగిలేది ఈ గోడకే.

ఏ ఊరు సులువు, ఏది కష్టం? వర్జీనియాలో విలియమ్స్‌బర్గ్, షెనాండోవా లోయలోని మాసనట్టెన్, మిస్సోరీలో బ్రాన్సన్ వేసవి రద్దీ తప్పిస్తే తేలిగ్గా దొరుకుతాయి. న్యూజెర్సీ, వాషింగ్టన్ వైపు వాళ్లకు మొదటి రెండూ కారులో వెళ్లిరాగలిగే దూరం, మార్పిడికి మంచి వినియోగం కూడా. మిర్టిల్ బీచ్ చలికాలంలో ఎవరికైనా దొరుకుతుంది, జులైలో దొరకడం కష్టం. స్కీ కొండలకు ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే వారం, హవాయికి చలికాలం, మాన్‌హట్టన్‌కి దాదాపు ఏడాదంతా పోటీ. హవాయి కావాలంటే మౌయి కోసం పంతం పట్టకుండా బిగ్ ఐలాండ్, కవాయి కూడా సెర్చ్‌లో చేర్చడం తెలివైన పని. మారియట్ లాంటి గొలుసు రిసార్టుల్లో సొంత యజమానుల డిపాజిట్లకు మొదట కొన్నాళ్లు ప్రాధాన్యం ఉంటుంది. బయటి వాళ్ల వంతు ఆ తర్వాతే.

లాక్-ఆఫ్ గది ఉన్నవాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. రెండు పడగ్గదుల విల్లాను ఒక స్టూడియోగా, ఒక సింగిల్ బెడ్‌రూమ్‌గా విడదీసి రెండు డిపాజిట్లు చేయవచ్చు. రిసార్టు నిర్వహణకు ఏటా కట్టే ఒక్క మెయింటెనెన్స్ ఫీజుకి రెండు వారాల సెలవు వస్తుంది, మార్పిడి రుసుము మాత్రం రెండుసార్లు.

గది ఖరారయ్యాక కాగితాన్ని చివరిదాకా చదవాలి. "8/6" అని ఉంటే ఎనిమిది మంది పడుకోవచ్చు, ఆరుగురికే చాటు ఉంటుంది, మిగతా ఇద్దరూ హాల్లో సోఫా మీద. చంటిపిల్లలనూ సాధారణంగా ఈ లెక్కలోనే కలుపుతారు, ఒకరు ఎక్కువైతే చెక్-ఇన్ దగ్గర ఆపేస్తారు. మీరు వెళ్లకుండా అమ్మానాన్నలను పంపుతుంటే వాళ్ల పేరున గెస్ట్ సర్టిఫికెట్ తీయాలి. గదికి ఏమైనా నష్టం జరిగితే పట్టుకోవడానికి రిసెప్షన్‌లో క్రెడిట్ కార్డు అడుగుతారు, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ల దగ్గర అది లేక ఇబ్బంది పడతారు. రిసార్టుకి ముందే ఫోన్ చేసి మాట్లాడుకోండి. హవాయిలో రోజువారీ పన్ను, మెక్సికోలో కొన్నిచోట్ల తప్పనిసరి భోజన రుసుము, ఇంకొన్నిచోట్ల రిసార్ట్ ఫీజు అక్కడికెళ్లాక కట్టాలి. మెక్సికో భోజన రుసుము మనిషికి రోజుకి ఇంత చొప్పున ఉంటుంది, కుటుంబమంతా వెళితే అది మార్పిడి రుసుమును ఎప్పుడో దాటేస్తుంది.

ఈ బసల్లో హోటల్ కంటే నిజంగా మేలైంది వంటిల్లు. అయితే అన్ని గదుల్లో పూర్తి వంటిల్లు ఉండదు. పార్షియల్ కిచెన్ అని ఉంటే మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్‌తో సరిపెట్టుకోవాలి, అన్నం పప్పు వండుకోవడం కుదరదు. స్మోక్ అలారం పొయ్యికి దగ్గర్లో ఉంటుంది, పోపు పెట్టేముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయాలి. ఒర్లాండోలో డిస్నీయే ముఖ్యమైతే లేక్ బ్యూనా విస్టా పక్క రిసార్టులు చూడండి. ఇంటర్నేషనల్ డ్రైవ్ వైపు ఉంటే యూనివర్సల్ దగ్గర, డిస్నీకి రోజూ ఐ-4 హైవే ట్రాఫిక్ ఈదాలి. ఆర్‌సీఐలో గోల్డ్ క్రౌన్, సిల్వర్ క్రౌన్, ఇంటర్వల్‌లో ఎలీట్, ప్రీమియర్, సెలెక్ట్ అన్న గుర్తులు రిసార్టు స్థాయిని చెబుతాయి. మీకిచ్చే భవనం పాతదా కొత్తదా అన్నది చెప్పవు. ఈమధ్య బస చేసినవాళ్ల సమీక్షలు చదివి, భవనం పేరు చెప్పి రిసార్టుని అడగాలి. చెక్-ఇన్ అయ్యాక పార్కింగ్ పాస్ ఇస్తామంటూ పక్క బల్లకు పంపుతారు. చాలాచోట్ల అది అమ్మకాల బల్ల. 90 నిమిషాలని పిలిచి మూడు గంటలు కూర్చోబెడతారు. పాస్ మాత్రమే తీసుకుని వచ్చేయవచ్చు.

ఇక కొనడం. డెవలపర్ దగ్గర, అంటే రిసార్టు కట్టి అమ్మే సంస్థ దగ్గర, కొన్న ధరలో అమ్మకాల ఖర్చు, కమీషన్లు పెద్ద భాగం. సంతకం ఆరేలోపే బయటి మార్కెట్లో ఆ విలువలో చాలా భాగం పోతుంది. రీసేల్‌లో, అంటే పాత యజమాని దగ్గర, కొనేటప్పుడు మొదట ఎస్టాపెల్ సర్టిఫికెట్ అడగాలి. వారం నిజంగా అమ్మేవాళ్లదేనా, బకాయిలు ఎంత, ఈ ఏడాది వాడేశారా అన్నవి అందులో తేలతాయి. రైట్ ఆఫ్ ఫస్ట్ రిఫ్యూజల్, అంటే అదే ధరకు ముందుగా తానే కొనుక్కునే హక్కు, ఉంటే డెవలపర్ దాన్ని వదులుకున్నట్టు రాసిచ్చేదాకా ఆగాలి. కొనుగోలు కాగితాలు పూర్తిచేసే క్లోజింగ్ కంపెనీ ద్వారా డీడ్, అంటే యాజమాన్య పత్రం, రాయించి కౌంటీలో నమోదు చేయించాలి, ఒర్లాండో రిసార్టులకు ఎక్కువగా ఆరెంజ్ లేదా ఆసియోలా కౌంటీ. దీనికి రెండు మూడు నెలలు పట్టడం మామూలే. రీసేల్‌లో ఏయే హక్కులు పోతాయో కూడా చూసుకోవాలి. డిస్నీలో 2019 జనవరి 19 నుంచి రీసేల్‌లో కొన్న పాత రిసార్టుల పాయింట్లు రివియెరా అనే డిస్నీ రిసార్టులోగానీ, ఆ తర్వాత వచ్చిన రిసార్టుల్లోగానీ చెల్లవు. రివియెరాను రీసేల్‌లో కొంటే అక్కడే వాడుకోవాలి.

ఏటా అయ్యే ఖర్చు ఒక కాగితం మీద వేసి చూడండి. మెయింటెనెన్స్ 1,200 డాలర్లు, మార్పిడి రుసుము 250, సభ్యత్వం 100 అనుకుంటే, కొన్న ధర కలపకుండానే రాత్రికి 221 డాలర్లు. ఆ ఊళ్లో అదే పరిమాణం గది యజమాని దగ్గర అద్దెకు అంతకంటే తక్కువకు దొరికితే ఈ కొనుగోలుకు అర్థం లేదు. తుపాను వచ్చి పైకప్పులు ఎగిరితే మరమ్మతులకు యజమానుల దగ్గర వసూలుచేసే స్పెషల్ అసెస్‌మెంట్ అదనం. మార్పిడి కోసమే అయితే కొనవద్దు. ఏటా మీరే స్వయంగా వెళ్లే చోటు, మీకు కుదిరే తేదీ అయితే రీసేల్‌లో కొనండి. వీలుకాని ఏడు మార్చుకోవచ్చు.

డెవలపర్ దగ్గర సంతకం చేసేశారా? ఫ్లోరిడాలో సంతకం చేసిన రోజు, చివరి పత్రాలు చేతికందిన రోజు, వీటిలో ఏది తర్వాతదైతే అక్కడి నుంచి 10 రోజుల్లోపు రద్దు చేసుకోవచ్చు. కాలిఫోర్నియాలో, హవాయిలో 7 రోజులు, నెవాడాలో 5. ఫోన్‌లో చెబితే చాలదు. ఒప్పందంలో ఇచ్చిన చిరునామాకి, ఒప్పందం నంబరు వేసి, సంతకం చేసిన అందరి సంతకాలతో సర్టిఫైడ్ మెయిల్ పంపి రసీదు దాచుకోవాలి. అమ్మిన మనిషి ఫోన్ చేసి "ఒక్కసారి వచ్చి మాట్లాడండి" అంటే, ఉత్తరం పంపకుండా వెళ్లకండి.

ఇండియాలో కొనేది సాధారణంగా డీడ్ కాదు, 25 ఏళ్ల లాంటి గడువున్న వాడుక సభ్యత్వం. హైదరాబాద్, విజయవాడ, విశాఖ మాల్స్‌లో కూపన్ నింపించుకుని "భార్యాభర్తలిద్దరూ రావాలి" అని పిలిచేది దీనికే. 5 లక్షల సభ్యత్వం, ఏటా 20 వేల చందా, దాని మీద 18 శాతం జీఎస్టీ అనుకుందాం. ఆ 5 లక్షలను 7 శాతం వడ్డీతో 25 ఏళ్లకు పంచి లెక్కగడితే ఏడాదికి దాదాపు 43 వేలు. జీఎస్టీ చేరిన చందాతో కలిపి 66,500, అంటే 7 రాత్రులకు రాత్రికి 9,500, భోజనం కాకుండా. చందా ఏటేటా పెరుగుతుంది కూడా. క్లబ్ మహీంద్రాలో పర్పుల్, రెడ్, వైట్, బ్లూ అన్న సీజన్లున్నాయి. తక్కువ ధరని బ్లూ తీసుకుంటే మన బడి సెలవులైన మే నెలలో ఊటీ, మున్నార్ మీకు అందవు. ఇండియా సభ్యత్వాన్ని ఆర్‌సీఐలో వేసి అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లాలంటే జూన్, జులై మీద ఆశ పెట్టుకోకుండా సెప్టెంబరు, అక్టోబరులో ఒర్లాండోకి ప్రయత్నించడం మేలు.

టైమ్‌షేర్‌కి ఇండియాలో ప్రత్యేక చట్టం లేదు, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కిందే తేల్చుకోవాలి. కట్టింది 50 లక్షల లోపైతే మీరుంటున్న జిల్లా కమిషన్‌లోనే, రెండేళ్లలోపు ఫిర్యాదు వేయవచ్చు. సలహాకి 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. అమ్మకంలో నోటిమాటగా చెప్పిన హామీలన్నీ ఆ రోజే ఈమెయిల్‌లో రాయించుకుంటే కమిషన్ ముందు పనికొస్తాయి.

వదిలించుకోవడం కొనడం కంటే కష్టం. అమెరికాలో డీడ్ వారసులకు బరువు కాకూడదంటే ముందు రిసార్టునే అడగాలి. కొన్ని గొలుసులు అప్పు, బకాయి లేని వారాలను వెనక్కి తీసుకుంటాయి. "మీ వారానికి కొనేవాళ్లు సిద్ధంగా ఉన్నారు, ముందు పన్ను కట్టండి" అని వచ్చే ఫోన్లు మోసం. మెక్సికో ముఠాలు ఈ పద్ధతిలో అమెరికన్ యజమానులను దోచుకుంటున్నాయని 2024 జులైలో అమెరికా ట్రెజరీ శాఖ హెచ్చరించింది. రిసార్టు వెనక్కి తీసుకున్నామని ఉత్తరం పంపినా, కౌంటీ రికార్డుల సైట్లో మీ పేరుతో వెతికి కొత్త డీడ్ నమోదైందని చూసుకున్నాకే మెయింటెనెన్స్ ఫీజు ఆటో-పే ఆపండి.