వెనక గోడ ఉన్నవాళ్ళకి 35 ఎంఎం: ఏడేళ్ళు వాడాక

బెజవాడ కాళేశ్వరరావు మార్కెట్ వెనక సందుల్లోకి పొద్దున్నే ఆరింటికి కెమెరాతో వెళ్ళి నిలబడండి. 50 ఎంఎం లెన్స్ మీద నాకెందుకంత కోపమో తెలుస్తుంది (ఈ ఎంఎం అంకె పెరిగేకొద్దీ ఫ్రేములో పట్టేది తగ్గుతుంది). ముందు అరటిగెలల బండి, వెనక ఎవరింటిదో అరుగు. మనిషి ఫ్రేములో పట్టడం లేదని ఒక్కడుగు వెనక్కి వేస్తే అరుగు మీద పేపరు చదువుతున్న పెద్దాయన కాలు తొక్కుతాం. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే నాకు తెలిసింది అక్కడే. రెండేళ్ళు అలాగే అవస్థపడి, 2018 మొదట్లో ఆ 50ని అమ్మేసి నికాన్ ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 35 ఎంఎం ఎఫ్ 1.8 జీ కొన్నాను. సెకండ్‌హ్యాండే. కెమెరా మాత్రం ఇప్పటికీ అదే పాత డీ5300.

చిన్న లెక్క చెప్తాను, విసుగనిపిస్తే దాటేయండి. నా కెమెరా సెన్సర్ వెడల్పు 23.5 మిల్లీమీటర్లు. కెమెరాని నిలువుగా పట్టుకుని మూడు మీటర్ల దూరంలో ఉన్న మనిషిని తీస్తే 35 ఎంఎంలో రెండు మీటర్ల ఎత్తు పడుతుంది. అంటే తల నుంచి చెప్పుల దాకా మనిషి మొత్తం. అదే చోట నుంచి 50లో పడేది 1.4 మీటర్లే, మోకాళ్ళ దగ్గర తెగిపోతాడు. పూర్తిగా రావాలంటే మనిషికి నాలుగు మీటర్ల పైచిలుకు దూరానికి వెళ్ళాలి. వన్‌టౌన్‌లో ఆ నాలుగు మీటర్లు ఇచ్చే సందులు ఎన్నో మీరే చెప్పండి. కొండ మీద ఇళ్ళకి ఎక్కే మెట్లయితే మరీను, వెనక్కి అడుగు వేస్తే నేరుగా ఆసుపత్రే. అందుకే ఎవరైనా తిరుగుతూ ఫొటోలు తీసుకోవడానికి ఏ ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) కొనాలని అడిగితే, మీరు తిరిగే చోట మీ వెనక గోడ ఎంత దూరంలో ఉంటుందని అడుగుతాను. బడ్జెట్ సంగతి తరవాత.

కానీ దీని మీద నాకు మోజు పుట్టింది వెడల్పు వల్ల కాదు, ఎఫ్ 1.8 వల్ల అంతకన్నా కాదు (లెన్స్ లోపలి కన్నం ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె అది, ఎంత చిన్నదైతే కన్నం అంత పెద్దది). అది ఎంత దగ్గరగా ఫోకస్ చేస్తుందో చూశాక. ఇది 30 సెంటీమీటర్ల దగ్గర కూడా పట్టుకుంటుంది. నా పాత 50కి 45 సెంటీమీటర్లు కావాలి. కాగితం మీద ఈ పదిహేను సెంటీమీటర్ల తేడా ఎవరికీ ఆనదు. పైగా ఈ దూరాన్ని లెన్స్ మూతి నుంచి కాక, వెనకున్న సెన్సర్ నుంచి కొలుస్తారు. చేత్తో కొలిస్తే తెలుస్తుంది: 35 మూతికీ వస్తువుకీ మధ్య జానెడు చాలు, 50కి జానెడున్నర పైన ఉండాలి. టీ కొట్టు బల్ల మీద నా గ్లాసుని నేను కూర్చున్నచోటు నుంచే తీయగలను. 50 ఉన్నప్పుడు బెంచీ వెనక్కి జరిపి, వీపు వంచి నానా విన్యాసాలు చేసేవాణ్ణి. పక్కనున్నవాళ్ళు నాకు నడుం పట్టేసిందనుకునేవారు.

మార్కెట్ బయట పూలు కట్టే ఒక పెద్దావిడ ఉంది. కనకాంబరాలు, మరువం కలిపి అరచెయ్యి వెడల్పున మాల అల్లుతూ ఉంటుంది. ఆవిడ వేళ్ళ మధ్య దారం ముడి పడే క్షణం తీయాలంటే ఆవిడ బుట్ట పక్కనే గొంతుక్కూర్చోవాలి. అంత దగ్గర కూర్చున్నాక చెప్పకుండా తీయడం కుదరదు. మొదటిరోజు అడిగితే ఎగాదిగా చూసి, "ఏం బాబూ, పేపరోళ్ళా?" అంది. కాదమ్మా, ఊరికే సరదాకి అన్నాను. "సరదాకైతే ఒక మూర కొనుక్కుని తీసుకో" అంది. ఏడేళ్ళలో ఈ లెన్స్‌తో నేను కొన్న కనకాంబరాల లెక్క మా ఆవిడకి తెలుసు.

ఇక అసలు కథ. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే లెన్స్‌ని బీరువాలో పెట్టాను. ఎంతో జాగ్రత్త అనుకుని తోలు పౌచ్‌లో వేసి, పట్టుచీరల అరలో, కలరా ఉండల పక్కన. వేసవి పోయింది, వానాకాలం మొత్తం పోయింది, నేను దాన్ని తియ్యలేదు. నవంబరులో ఒక సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీదికి వెళ్ళి ఎండకి ఎదురుగా నాలుగు ఫొటోలు తీస్తే అన్నింటి మీదా పాలు పోసినట్టు తెల్లటి తెర. నది మీద మంచేమో అనుకున్నాను. ఫిల్టర్ తీసి చూశాను, అదే తెర. ముందు అద్దం తుడిచాను, అదే. ఎండకి వీపు పెట్టి తీస్తే మామూలుగానే ఉంది, దాంతో ఇంకా తికమక.

ఇంటికొచ్చి ఫోన్ టార్చి వేసి లెన్స్‌లోంచి చూశాను. ఏమీ కనబడలేదు. కనబడదు కూడా, ఎందుకంటే పేరు చివర జీ ఉన్న ఈ లెన్స్‌లకి అపర్చర్ (ఆ లోపలి కన్నం) తిప్పే రింగు ఉండదు. కెమెరా నుంచి విప్పగానే లోపలి రేకులు మూసుకుపోయి సూది బెజ్జమంత కన్నమే మిగులుతుంది. వెనక, కెమెరాకి తగిలించే మౌంటు దగ్గర చిన్న మీట ఉంటుంది. దాన్ని గోటితో మెల్లిగా నెట్టి పట్టుకుంటే రేకులు తెరుచుకుంటాయి. అలా తెరిచి టార్చి కొంచెం పక్కకి వంచాను. లోపల ఒక అంచున సాలెగూడు లాంటి సన్నటి దారాలు, వాటి మొదట్లో చిన్న దూది పింజ. ఫంగస్. సెకండ్‌హ్యాండ్ లెన్స్ కొనేవాళ్ళు ఈ మీట సంగతి మటుకు గుర్తుపెట్టుకోండి.

గవర్నరుపేటలో కెమెరాలు బాగుచేసే పెద్దాయన దగ్గరకి పట్టుకెళ్ళాను. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, లైటు కింద పెట్టి చూసి, "ఎక్కడ పెట్టారండీ దీన్ని?" అన్నాడు. బీరువాలో అన్నాను. "ఇదేమన్నా పట్టుచీరా?" అన్నాడు. తరవాత నెమ్మదిగా చెప్పాడు. చీకటి, చెమ్మ, కదలని గాలి, ఈ మూడూ ఉంటే బూజు వస్తుంది. తోలు చెమ్మని పట్టి ఉంచుతుంది కాబట్టి పౌచ్ ఇంకా సాయం చేసింది. కలరా ఉండలు పురుగుల్ని ఆపుతాయేమో కానీ బూజుని ఆపవు. రోజూ కాస్త వెలుతురులో తిరిగే లెన్స్‌కి ఈ బెడద తక్కువట. అంటే వాడకపోవడం వల్లే పాడైంది. నాలుగు రోజులకి తుడిచి ఇచ్చాడు. దారాలు పోయాయి కానీ ఒకచోట అద్దం మీద పూతని బూజు తినేసింది, ఆ మచ్చ పోలేదు. "ఇది తగ్గిందనుకోండి, పోయిందనుకోకండి" అన్నాడు, షుగరు గురించి డాక్టరు చెప్పినట్టు.

ఇప్పుడు గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు. ముల్లు 45, 50 శాతం మధ్య ఉండేలా చూస్తాను. బెజవాడలో వానాకాలం బయట గాలి తేమ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. జెల్ గింజలు నీలం నుంచి గులాబీ రంగుకి తిరిగితే సన్నటి సెగ మీద వేడి చేస్తే మళ్ళీ నీలం అవుతాయి. దానికి వంట మూకుడు మాత్రం వాడకండి, ఆ నీలం కోబాల్ట్ ఉప్పుది, ఒంటికి మంచిది కాదు. ఈ విషయం మా ఇంట్లో కొంచెం ఆలస్యంగా తెలిసి పెద్ద గొడవైంది.

మచ్చ ఉన్నాక ఫొటోలు ఎలా వస్తున్నాయంటే, నూటికి తొంభై ఫొటోల్లో నాకే తేడా తెలియదు. ఎండకి ఎదురు తిరిగితేనే తెల్లబడతాయి. హుడ్ (లెన్స్ మూతికి నీడపట్టే తొడుగు) పెట్టుకుంటే కొంత నయం, అరచెయ్యి అడ్డం పెడితే ఇంకొంత నయం. బ్యారేజీ మీద సూర్యాస్తమయాలు మానేశాను. అవి తీసేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు కూడా.

పైన జానెడు దూరం గురించి గొప్పగా చెప్పాను కదా. అంత దగ్గర ఎఫ్ 1.8 పెడితే ఫోకస్‌లో ఉండేది మూడు మిల్లీమీటర్ల మందం. పూలావిడ వేళ్ళలో ఒక గోరు బాగుంటుంది, మిగతాదంతా పొగ. అక్కడ కన్నం చిన్నది చేసి ఎఫ్ 5.6 దాకా వెళ్ళక తప్పదు. అంటే డబ్బు పోసి కొన్న 1.8 రాత్రి టీ కొట్ల దగ్గర తప్ప నాకు పెద్దగా పనికిరాలేదు. మొహాలు కూడా అంతే. ఫ్రేము నిండా మొహం రావాలని దగ్గరకి వెళ్తే ముక్కు ముందుకొస్తుంది. మా అమ్మ ఫొటో అలా తీస్తే, "నా ముక్కు ఇంత ఉందిరా?" అని రెండు రోజులు అద్దంలో చూసుకుంది. ఆవిడ కోసమే పోయినేడు ఇంకో 50 కొన్నాను. అవును, తిట్టి అమ్మేసిందే. హాల్లో కిటికీ పక్కన ఆవిడని కూర్చోబెడితే వెనక్కి వెళ్ళడానికి నాకు కావలసినంత చోటుంది.

ఇంకోసారి మిరప సీజన్లో గుంటూరు యార్డుకి వెళ్ళాను. టిక్కీలు (మిరప బస్తాలు) కొండల్లా పేర్చి, చూపు ఆనినంత దూరం ఎరుపు. 35లో అందులో ఒక మూలే పడింది. చివరికి మంచి ఫొటో వచ్చింది ఫోన్లో. తుమ్ములతో చేతులు వణుకుతూ తీసింది అది. ఫోన్లలో మామూలు కెమెరా ఎలాగూ ఫుల్‌ఫ్రేమ్ (నా కెమెరాదానికన్నా పెద్ద సెన్సర్) లెక్కలో 24, 26 ఎంఎం అంత వెడల్పు ఉంటోంది. అంత వెడల్పు జేబులోనే ఉంది కాబట్టి మెడలో ఇంకోటి మోయడం ఎందుకన్నది నా వాదన. మా తమ్ముడు ఒప్పుకోడు. వాడు 2023లో వచ్చిన నికాన్ జెడ్ డీఎక్స్ 24 ఎంఎం ఎఫ్ 1.7 కొన్నాడు. అది 18 సెంటీమీటర్ల దగ్గర కూడా ఫోకస్ చేస్తుంది. ఆ అంకె విన్నప్పటి నుంచి నేను వాడితో ఎక్కువ వాదించడం లేదు.

కాబట్టి కొనమంటానా? నాలాగా ఇరుకు సందుల్లో, ఆఫీసుకి ముందు గంటన్నర నడిచేవాళ్ళయితే, మనుషుల్ని అడిగి తీయడానికి మొహమాటం లేకపోతే, నాదిలాంటి ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) కెమెరా ఉంటే కొనండి. దొంగచాటుగా తీసే అలవాటున్నవాళ్ళకి ఇది సరిపడదు. పక్షులకి, పిల్లల ఆటలపోటీలకి అసలు పనికిరాదు. ఉద్దండరాయునిపాలెం వైపు పొలాల్లో తిరిగేవాళ్ళకి వెనక గోడే లేదు, వాళ్ళకి నా లెక్క వర్తించదు.

నాది అమ్ముతారా అని ఈ మధ్య ఇద్దరు ఫోన్ చేశారు. మచ్చ ఉందని చెప్పాను. మళ్ళీ చేస్తామన్నారు.