డీజిల్ బాయిలర్ ఏళ్ల తరబడి వాడాక: పొగ ఎందుకొస్తుంది, ఎక్కడ వెతకాలి

ముందే చెప్పేస్తా. డీజిల్‌తో నడిచే వేడినీళ్ల బాయిలర్ మొండి మిషన్, ఒకసారి కుదురుకుంటే పెద్దగా పేచీ పెట్టదు. కానీ కుదురుకునేదాకా మీ ఓపికతో పాటు పక్కింటివాళ్ల ఓపికని కూడా తినేస్తుంది.

మాది బెంగళూరు మారతహళ్లిలో పీజీ. కింద ఇంట్లో మేముంటాం, పై అంతస్తుల్లో పిల్లలు, ఎక్కువమంది కడప, నెల్లూరు, గుంటూరు వైపువాళ్లే. మేడ మీద సోలార్ ఉంది కాబట్టి ఎండాకాలం హాయిగా గడిచిపోతుంది. జూన్‌లో మబ్బు పట్టిందంటే మాత్రం పొద్దున ఆరింటికే గ్రూప్‌లో "అంకుల్, నీళ్లు చల్లగా ఉన్నాయి" అని మొదలు, డిసెంబర్, జనవరి చలిలో ఇంకా ఎక్కువ. దానికోసం సోలార్‌కి తోడుగా ఈ బాయిలర్ పెట్టించాం. 2020 ఏప్రిల్లో బీఎస్-6 డీజిల్ (గంధకం బాగా తగ్గించిన కొత్త రకం) రాకముందే కొన్నది, అంటే పాత డీజిల్, కొత్త డీజిల్ రెండూ తాగిన మిషన్ ఇది. కంపెనీ పేరు రాయను, అవసరం కూడా లేదు. ఇలా డీజిల్‌ని చిమ్మి మండించే గన్ టైపు బర్నర్లన్నీ లోపల దాదాపు ఒకే తీరు, చలిదేశాల్లో ఇళ్లు వెచ్చగా ఉంచే ఆయిల్ ఫర్నేసుల్లో ఉండేదీ ఇదే రకం.

ఎలా పనిచేస్తుందో నాలుగు ముక్కల్లో చెప్తా, లేకపోతే కింద రాసేది అర్థం కాదు. ఒకే మోటార్ ఫ్యాన్‌నీ, డీజిల్ పంపునీ రెండింటినీ తిప్పుతుంది. పంపు డీజిల్‌ని పది, పన్నెండు బార్ ప్రెషర్‌తో నాజిల్‌కి, అంటే సన్న రంధ్రం ఉన్న మూతికి తోస్తే డీజిల్ సన్నటి మంచులా బయటికొస్తుంది, దానిమీద ఫ్యాన్ గాలి కొడుతుంది, ఎలక్ట్రోడ్ల మధ్య స్పార్క్ వచ్చి అంటుకుంటుంది. మంట వెలిగిందా లేదా అని ఒక ఫోటోసెల్ చూస్తూ ఉంటుంది, దానికి వెలుగు కనపడకపోతే మొత్తం ఆపేసి ఎర్ర బటన్ మీద లైటు వెలిగిస్తుంది. అంతే, ఇందులో పెద్ద బ్రహ్మవిద్య ఏమీ లేదు.

బిగించిన మొదటి వారం నుంచే నల్లటి పొగ. స్టార్ట్ అయినప్పుడు కొంచెం వస్తే సరే అనుకోవచ్చు, ఇది నడుస్తున్నంతసేపూ. వెనక బిల్డింగ్ ఆవిడ మేడ మీద నుంచే "ఏందన్నా ఇది, ఆరేసిన బట్టలన్నీ మసి పడుతుండాయి" అని అరిచేది, తప్పేముంది, నిజంగానే తెల్ల చొక్కాల మీద నల్ల చుక్కలు. అమ్మినవాళ్ల మనిషి వచ్చి నాజిల్ మార్చాడు, బిల్లు ఇచ్చాడు, వెళ్లాడు. పొగ అలాగే ఉంది. మళ్లీ వచ్చి డీజిల్ కల్తీ అన్నాడు, బంకు మార్చాం. పొగ మాత్రం మారలేదు. ఆ తర్వాత ఇంకో నాజిల్ అన్నాడు, అప్పుడు నేనే వద్దని పంపించేశాను.

చివరికి హోటళ్ల బాయిలర్లు చూసే ఒక హిందూపురం కుర్రాడు దొరికాడు. వచ్చీరాగానే నాజిల్ జోలికి పోలేదు, "అన్నా, ఈ మిషన్ ఎక్కడ సెట్ చేసి పంపించారు?" అని అడిగాడు. చెన్నైలో అన్నాను. నవ్వాడు. చెన్నై సముద్రమట్టంలో ఉంది, బెంగళూరు 900 మీటర్ల పైన. ఈ ఎత్తులో గాలి ఒత్తిడి చెన్నై కంటే దాదాపు పదో వంతు తక్కువ. ఫ్యాన్ తిరిగేది అదే స్పీడు, తోసే గాలి చూడ్డానికి అంతే, కానీ ఆ గాలి పల్చన, అందులో ఉండే ఆక్సిజన్ తక్కువ. డీజిల్ మాత్రం పంపు ప్రెషర్ ప్రకారం అక్కడ ఎంత పడేదో ఇక్కడా అంతే పడుతుంది. కిలో డీజిల్ పూర్తిగా కాలాలంటే పద్నాలుగున్నర కిలోల దాకా గాలి కావాలి, ఎందుకైనా మంచిదని దానికి పైన 15, 20 శాతం ఎక్కువ గాలి ఉండేలా సెట్ చేస్తారు. ఇక్కడికి వచ్చేసరికి ఆ ఎక్కువలో సగానికి పైగా గాలికే పోయిందన్నమాట. దాని మీద కొంచెం దుమ్ము చేరినా, వోల్టేజీ కొంచెం తగ్గినా పొగ ఖాయం.

బర్నర్‌లోకి గాలి వెళ్లే దారికి ఉండే మూత, అంటే ఎయిర్ షట్టర్, స్క్రూ వదులు చేసి ఇంకొంచెం తెరిచాడు, అంతే. పొగగొట్టానికి ఉన్న చిన్న రంధ్రంలో చేతిపంపు లాంటిది పెట్టి ఫిల్టర్ కాగితం మీదకి పొగ లాగి, ఆ మచ్చని సున్నా నుంచి తొమ్మిది దాకా ఉండే స్కేలుతో పోల్చాడు. మొదట కాగితం బొగ్గులా వచ్చింది, తర్వాత లేత బూడిదరంగు. ఒకటి లోపు ఉంటే చాలన్నాడు. అలాగని గాలి ఇష్టమొచ్చినట్టు తెరవకూడదు, ఎక్కువైతే వేడంతా పొగగొట్టంలోంచి పోతుంది, మంట కూడా నిలవక తెల్లపొగ, పచ్చి డీజిల్ వాసన వస్తాయి. అందుకే కంటితో కాకుండా పొగ కొలిచే మీటరు పెట్టి సెట్ చేయమనాలి.

ఇన్నేళ్లలో పొగ మళ్లీ రాలేదని కాదు, వచ్చింది, ప్రతిసారీ కారణం వేరు. నాకు అర్థమైంది ఏంటంటే నల్లపొగ వస్తే ముందు గాలి దారి చూడాలి, డీజిల్ దారి తర్వాత. మెకానిక్‌లు మాత్రం నాజిల్ నుంచి మొదలెడతారు, ఎందుకంటే అమ్ముకోగలిగేది అదే కదా.

ఒకసారి ఫ్యాన్ రెక్కలకి బట్టల నూగు పట్టేసింది. బాయిలర్ పక్కనే వాషింగ్ మిషన్లు ఉన్నాయి, డ్రయ్యర్ లోంచి వచ్చే నూగంతా బర్నర్ లోపలికి పీల్చుకుంది. ఫ్యాన్ చక్రం విప్పి పాత టూత్‌బ్రష్‌తో తోమితే పొగ పోయింది, రూపాయి ఖర్చు లేదు. ఆ తర్వాత డ్రయ్యర్‌ని అక్కడినుంచి తీసేశాం. ఇంకోసారి వానజల్లు కొడుతోందని మా వాచ్‌మన్ బాయిలర్ గది కిటికీకి టార్పాలిన్ కట్టాడు, గదిలోకి గాలి రావడమే ఆగిపోయింది. ఇది పొగతో పోయేది కాదు, జాగ్రత్త. గాలి చాలకుండా కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి రంగు, వాసన ఉండవు, మనుషులు నిద్రలోనే పోతారు. గదిలో ఒక అలారం పెట్టించుకోండి, కిటికీకి మాత్రం ఏదీ కట్టనివ్వకండి.

మూడోది అసలు మన చేతిలో లేనిది. పక్క సైటులో కొత్త బిల్డింగ్ లేచింది, మనకంటే రెండంతస్తులు ఎక్కువ, మధ్యలో చెయ్యి పట్టేంత సందు కూడా లేదు, బెంగళూరు సంగతి తెలిసిందే. గాలి దాన్ని కొట్టుకుని మా పొగగొట్టంలోకి కిందికి తోసేది, మంట వణికేది, పొగ గదిలోకే వచ్చేది. బర్నర్‌ని ఎంత తిప్పినా లాభం లేదు, గొట్టం పొడవు పెంచి పైన టోపీ మార్పించాకే సర్దుకుంది. ఖర్చు మాదే, పక్కవాళ్లు "మా స్థలంలో మేం కట్టుకున్నాం" అన్నారు, నిజమే మరి.

డీజిల్ వైపు వచ్చే జబ్బులు కూడా ఉన్నాయి. ట్యాంకు సగం ఖాళీగా ఉంచితే వానాకాలంలో లోపల తేమ నీరై అడుగుకి చేరుతుంది, నీళ్లూ డీజిలూ కలిసే చోట జిగట పట్టి ఫిల్టర్ మూసుకుపోతుంది. అప్పుడు మంట పడుతూ లేస్తూ ఉంటుంది, తెల్లపొగ వస్తుంది. అడుగున డ్రెయిన్ వాల్వ్ తిప్పి సీసాలోకి పడితే నీళ్లు కిందకి విడిపోయి కంటికే కనిపిస్తాయి. పైపు జాయింట్ వదులైతే పంపు గాలి కూడా పీలుస్తుంది, అప్పుడూ మంట దడదడ. ఆపిన తర్వాత కాసేపు పొగ, వాసన వస్తుంటే డీజిల్‌ని ఆపే కరెంటు వాల్వ్ (సాలినాయిడ్) సరిగ్గా మూసుకోక నాజిల్ కారుతోందని అర్థం. నాజిల్ ఏడాదికొకటి మార్చడం మంచిదే, అందులో గొడవ లేదు. కాకపోతే దానిమీద ఉన్న సైజు, డిగ్రీలు (డీజిల్ చిమ్మే కోణం) చూసి అదే తేవాలి. నాజిల్ మీద గంటకి ఇన్ని గ్యాలన్లు అని రాసే లెక్క 7 బార్ ప్రెషర్‌కి. పంపు 12 బార్‌లో నడుస్తుంటే ఒక గ్యాలన్ నాజిల్ గంటకి మూడు లీటర్ల ముప్పావు కాదు, దాదాపు ఐదు లీటర్లు పోస్తుంది. ఇది తెలియక పెద్ద నాజిల్ పెడితే పొగ రాక ఏమొస్తుంది.

ఎర్ర బటన్ గురించి మాత్రం గట్టిగా చెప్తున్నా, మా వాచ్‌మన్‌కి కూడా గోడ మీద రాసి పెట్టాను. లాకౌట్ అయితే, అంటే మిషన్ తనంతట ఆగిపోయి ఆ బటన్ లైటు వెలిగితే, ఒక్కసారి నొక్కండి, వెలక్కపోతే వదిలేయండి. నొక్కిన ప్రతిసారీ కాలని డీజిల్ లోపల పడుతూ ఉంటుంది, చివరికి ఒక్కసారిగా అంటుకుంటే తలుపు ఎగిరిపోయినా ఆశ్చర్యం లేదు. చాలాసార్లు కారణం చిన్నదే, ఫోటోసెల్ మీద మసి పట్టి ఉంటుంది, మెత్తటి గుడ్డతో తుడిస్తే సరి.

బీఎస్-6 వల్ల తేడా ఉందా అంటే, ఉంది కానీ పొగలో కాదు. గంధకం 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) నుంచి 10కి తగ్గింది, బాయిలర్ లోపలి ట్యూబుల్లో పేరుకునే పొడి నా కంటికి తగ్గినట్టే ఉంది. నల్లపొగ గాలి తక్కువై వచ్చేది, ఏ డీజిల్ పోసినా వస్తుంది.

పొగగొట్టంలో ఒక థర్మామీటర్ పెట్టుకోండి, నా దృష్టిలో దీనికి పెట్టే అతి మంచి ఖర్చు అదే. అక్కడ వేడి 22 డిగ్రీలు పెరిగితే డీజిల్ దాదాపు ఒక శాతం దండగ అవుతోందని లెక్క. పొగ వస్తూ వేడి పెరిగితే లోపల మసి. పొగ లేకుండా పెరిగితే చాలావరకు నీళ్ల వైపు పొర కట్టినట్టు, బోరునీళ్లూ ట్యాంకర్ నీళ్లూ వాడే మనకి అది మామూలే.

ఇక డబ్బు. వెయ్యి లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 50కి తేవాలంటే, మిషన్ బాగున్నప్పుడు నాలుగు లీటర్ల పైచిలుకు డీజిల్ పడుతుంది. లీటరు తొంభై వేసుకుంటే మూడువందల అరవై, డెబ్భై. అదే వేడి హీట్ పంపు (బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లకిచ్చే కరెంటు మిషన్) పది, పన్నెండు యూనిట్లలో ఇస్తుంది, యూనిట్ పది రూపాయలనుకున్నా నూట ఇరవై దాటదు. కాబట్టి రోజూ వేడినీళ్లకి ఇదొక్కటే ఆధారం అనుకునేవాళ్లు ఇప్పుడు డీజిల్ కొనొద్దు. మాలాగా సోలార్ ఉండి, ఏడాదిలో కొన్ని నెలలే కావాలి, కరెంటు లోడు పెంచుకునే వీల్లేదు అనుకుంటే మాత్రం పర్లేదు. గంటలో ట్యాంకు వేడెక్కించడంలో దీని సాటి ఇంకోటి నేను చూడలేదు.

కొనేవాళ్లు మిగతా డబ్బు చేతికిచ్చే ముందు మీ మేడ మీదే, మీ పొగగొట్టంతోనే మీటరు పెట్టి సెట్ చేయించండి, ఆ రీడింగులు, పంపు ప్రెషర్, నాజిల్ సైజు కాగితం మీద రాయించుకుని బాయిలర్ గదిలోనే అంటించండి. ఫ్యాక్టరీలో సెట్ చేశాం సార్ అంటే ఆ ఫ్యాక్టరీ ఏ ఊళ్లో ఉందో అడగండి.