రేటు కార్డుతో నాలుగున్నరేళ్లు

కంప్యూటర్ రిపేరు పని సొంతంగా మొదలుపెట్టిన కొత్తలో నాకు రేటు అంటూ ఏమీ ఉండేది కాదు. పని అయ్యాక "ఎంత ఇమ్మంటావు బాబూ?" అనేవారు. "మీ ఇష్టమండీ" అనేవాణ్ని. వాళ్ల ఇష్టం వందకీ రెండొందలకీ మధ్య తిరుగుతుండేది. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది. పూర్తిగా రాయలేను గానీ ఆ ఏడాది నాకు అదే అయింది. 2021 దసరా ముందు విజయవాడ గవర్నర్‌పేటలో ఒక జిరాక్స్ షాపులో అరచేతంత రేటు కార్డు కొట్టించి, లామినేషన్ చేయించి, టూల్ బ్యాగు ముందు జేబులో పెట్టాను. మధ్యలో రెండుసార్లు మార్చినా ఇప్పటికీ దాంతోనే నడుస్తున్నాను.

ఆ అంకెలు పక్క షాపును చూసి వేసినవి కావు. ఇంటికి నెలకు పాతిక వేలు కావాలి. పెట్రోలు, ఫోను, పెన్‌డ్రైవులు, ప్రాసెసర్ వేడి లాగడానికి పూసే థర్మల్ పేస్టు, చేసిన పనే మళ్లీ మొరాయిస్తే ఊరికే వెళ్లిరావడం, అన్నీ కలిపి ఇంకో ఆరు వేలు. మొత్తం 31 వేలు. డబ్బులొచ్చే పనులు నెలకు అరవైకి మించవు. పటమట నుంచి భవానీపురం వెళ్లి వచ్చినందుకు, బెంజ్ సర్కిల్ దగ్గర ఆగినందుకు, ఫోన్లో అరగంట సలహా చెప్పినందుకు ఎవరూ ఇవ్వరు కదా. 31 వేలను అరవైతో భాగిస్తే పనికి 517 రూపాయలు. అప్పటిదాకా నాకు పడుతున్నది మూడొందల లోపే. ఆ అంకె చూసిన రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

అందుకని ఇంటికొచ్చి చూస్తే 300, విండోస్ వేస్తే 500, డేటా కాపీ చేసి వేస్తే 800, ల్యాప్‌టాప్ విప్పి దుమ్ము దులిపి పేస్టు మారిస్తే 600 అని రాశాను. పని కుదిరితే మొదటి మూడొందలు కూలీలో కలిసిపోతాయి. గంటల లెక్క పెట్టలేదు. మనవైపు గంటకు ఇంత అంటే, పక్కనే కుర్చీ వేసుకుని గడియారం చూస్తూ కూర్చుంటారు.

కార్డుకు మొదటి పరీక్ష సత్యనారాయణపురంలో ఒక రిటైర్డు మాస్టారింట్లో వచ్చింది. సీపీయూ ఆన్ చేస్తే బీప్ బీప్ అంటోంది, తెర మీద ఏమీ రావట్లేదు. పక్క డోరు తీసి, ర్యామ్ ఊడదీసి, దాని బంగారు రంగు పళ్ల మీద మనవరాలి పెన్సిల్ రబ్బరుతో నాలుగుసార్లు రుద్ది, పొట్టు ఊది, క్లిప్పు టక్కుమనేదాకా నొక్కాను. ఆన్ అయింది. అంతా కలిపి ఐదు నిమిషాలు. మాస్టారు కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "రబ్బరు మాది. మూడొందలు మీకా?" అన్నారు. నవ్వొచ్చింది గానీ ఆయన అడిగిందాంట్లో తప్పు కనిపించలేదు. మూడొందలిచ్చి ఐదు నిమిషాల పని చూస్తే ఎవరికైనా మనసు ఒప్పదు. రెండో కార్డులో 'విజిట్ 300, అరగంట పనితో సహా' అని మార్చాను. ఇప్పుడు ఐదు నిమిషాల్లో తేలిపోయినా మిగతా టైములో ఫ్యాన్ దుమ్ము దులుపుతాను, హార్డ్ డిస్క్ ఆరోగ్యం చూసి చెబుతాను, బయాస్ బ్యాటరీ డౌన్ అయి తేదీ వెనక్కి పోతుంటే దాన్నీ మారుస్తాను. గొణుగుళ్లు దాదాపు ఆగిపోయాయి.

ఈ మూడొందల వల్ల నేను ముందు ఊహించని లాభం ఇంకోటి ఉంది. చూసినందుకు డబ్బు వస్తుంది కాబట్టి, పని లేని చోట పని పుట్టించాల్సిన అవసరం రాదు. సొంతంగా మొదలుపెట్టకముందు నేను చేసిన షాపులో "చెకింగ్ ఫ్రీ" అని బోర్డు ఉండేది. ఆ ఫ్రీ ఎక్కడినుంచి రావాలి? సీపీయూకు కరెంటిచ్చే ఎస్ఎంపీఎస్ బాగున్నా పోయిందని చెప్పాల్సి వచ్చేది. విండోస్‌తో కొన్న ల్యాప్‌టాప్‌లకు కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది, అదే ఎడిషన్ మళ్లీ వేస్తే ఇంటర్నెట్ తగలగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. దానికి కూడా "ఒరిజినల్ విండోస్" అని వేరే వసూలు చేయడం నా కళ్లతో చూశాను. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్టు ఆగిపోయినప్పుడు నాకు వరసగా ఫోన్లు. పాత ఏడో తరం ఐ3 ప్రాసెసర్ ఉన్న సిస్టమ్ పట్టుకుని విండోస్ 11 వేయమంటారు. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు లేదని, అడ్డదారిలో వేయొచ్చు గానీ రేపు అప్‌డేట్ రాకపోతే నన్ను అడగొద్దని చెప్పి, మూడొందలు తీసుకుని వచ్చేసిన ఇళ్లు చాలా ఉన్నాయి. విజిట్ డబ్బు లేకపోతే అంత ధైర్యంగా వద్దని చెప్పేవాణ్నా అంటే అనుమానమే.

పార్టుల ధరలు కార్డు మీద రాయకపోవడం నేను చేసిన తెలివైన పని. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎగబాకినప్పుడు, పొద్దున చెప్పిన రేటు సాయంత్రానికి నాకే ఎదురు తిరిగేది. బిల్లు చూపిస్తాను, నేను కొని తెస్తే పది శాతం వేసుకుంటాను, వారంటీ తిరుగుడు నాదే. ఆన్‌లైన్‌లో వాళ్లే కొనుక్కుంటే బిగింపు కూలీ మాత్రమే, పార్టు పోతే నాకు సంబంధం లేదు. మొదట్లో ఈ పది శాతం దాచేవాణ్ని. ఫోన్లో ధర వెతికి నా మొహం ముందు పెట్టిన రోజు నుంచి మానేశాను.

కార్డు చెయ్యిచ్చింది డేటా రికవరీలో. మొదటి కార్డులో 1500 అని ఒకే రేటు వేశాను. ఒకాయన రీసైకిల్ బిన్ ఖాళీ చేసేసి వచ్చాడు, పాత రకం హార్డ్ డిస్క్‌లో చెరిపినవి వెంటనే పోవు కాబట్టి పది నిమిషాల్లో ఫైళ్లన్నీ దొరికాయి. పదిహేను వందలు జేబులో వేసుకుని సిగ్గుపడ్డాను. తర్వాతి నెల ఒక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ బ్యాడ్ సెక్టార్లు, అంటే చదవలేని చోట్లు, ఉన్న ఒక టీబీ డిస్క్ తెచ్చాడు. అందులో ఒక పెళ్లి మొత్తం ఉంది, ఇంకో కాపీ లేదు. దాన్ని సెక్టారు సెక్టారుగా వేరే డిస్క్‌లోకి లాగడానికి రెండు రాత్రులు పట్టింది. మధ్యలో కరెంటు పోతుందేమోనన్న టెన్షన్ వేరు. తాళి కట్టే ఫొటోలు వచ్చాయి, అప్పగింతలవి కొన్ని పోయాయి. ఇచ్చింది అదే పదిహేను వందలు. ఇప్పుడు ఆ వరసలో 'చూసి చెప్పాలి' అని మాత్రమే ఉంది. లోపల టిక్ టిక్ మని కొట్టుకునే డిస్క్‌నైతే అసలు ముట్టుకోను, ల్యాబ్‌కు పంపుకోమంటాను.

ఇక 2024 సెప్టెంబర్. బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు కార్డు బ్యాగులోంచి తీయలేదు. నీళ్లు తగ్గాక జనం సీపీయూలను ఆటోల్లో వేసుకొచ్చి మా పోర్టికోలో దించారు. డోరు తీస్తే లోపల వేలు మందం బురద. మొదటి వారం ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. రెండో వారానికి బోర్డులు కడిగే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ డబ్బాలకే చేతి డబ్బు అయిపోయి, సీపీయూకు రెండొందలు అడగడం మొదలుపెట్టాను. అడిగితే ఒక్కరూ ఏమీ అనలేదు, ఒకమ్మ ఐదొందలు ఇచ్చి చిల్లర తీసుకోలేదు. "పనిచేస్తుందేమో చూద్దాం" అని తడి మీదే కరెంటు పెట్టినవాళ్ల బోర్డులు చాలా వరకు పోయాయి. కరెంటు పెట్టకుండా తెచ్చినవాళ్లవి కొన్ని బతికాయి.

ఉగాదికి మూడో మార్పు. విజిట్ 350 చేస్తున్నాను. పెట్రోలు లెక్క, ఇంటి లెక్క రెండూ మళ్లీ వేశాను, తగ్గించే దారి దొరకలేదు. సత్యనారాయణపురం మాస్టారింట్లో యూపీఎస్ పోయిందని నిన్న ఫోన్ వచ్చింది. ఉగాది లోపే వెళ్లి పాత కార్డుతో కానిచ్చేద్దామనుకుంటున్నాను.