కుండ నీళ్లా, ఫ్రిజ్ నీళ్లా?

ఈ వేసవిలో మా ఫ్రిజ్ పాడై పది రోజులు మరమ్మతులో ఉండటంతో మట్టి కుండ కొన్నాను. ఫ్రిజ్ తిరిగి వచ్చినా కుండ మాత్రం వంటింట్లోంచి కదల్లేదు.

చల్లదనం ఒక్కటే చూస్తే ఫ్రిజ్‌దే గెలుపు. అందులో నీళ్లు నాలుగైదు డిగ్రీలకు దిగుతాయి. కుండకు అంత శక్తి లేదు. దాని సన్నని రంధ్రాల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది, అంతే. కనుక దాని పనితనమంతా గాలిలోనే ఉంది. హైదరాబాద్ పొడి ఎండల్లో నా కుండ భేషుగ్గా పనిచేసింది. కాకినాడలో మా అక్క కూడా ఒకటి కొని, "నీళ్లు చల్లబడటమే లేదురా" అని విసుక్కుంది. ఆ సముద్రపు ఉక్కలో గాలి అప్పటికే తేమతో బరువెక్కి ఉంటుంది, ఇక కుండ నీరు ఏం ఆవిరవుతుంది? అక్కడ ఫ్రిజ్ సీసానే మేలు.

నా తెలివి కూడా చెప్పాలి. మొదట కుండను అలమరలో పెట్టి తలుపు వేశాను! సాయంత్రానికీ నీళ్లు గోరువెచ్చగానే ఉన్నాయి. కిటికీ పక్కన తడి ఇసుక మీద కూర్చోబెట్టి, తడిగుడ్డ చుట్టాక దారికొచ్చింది. ఒకసారి సబ్బుతో తోమాను. వారం పాటు గ్లాసు గ్లాసుకూ సబ్బు వాసనే. ఇప్పుడు వట్టి పీచుతోనే కడుగుతున్నాను.

కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో కుండదే రాజ్యం. చుట్టాలు ఎనిమిది మంది ఒక్కసారిగా దిగితే మాత్రం అది గంటలో ఖాళీ, మళ్లీ నింపిన నీళ్లు చల్లబడాలంటే పూట పడుతుంది. ఆ రోజు సీసాలన్నీ ఫ్రిజ్‌లోకే.